అందరికీ ఒకేరోజు జ్వరం

కాజీపేట రైల్వే కాలనీలో పెరిగినవాళ్లకు కాల్ బాయ్ గుర్తుండే ఉంటాడు. రాత్రి ఏ రెండింటికో మూడింటికో సైకిల్ మీద వచ్చి, డ్రైవర్ ఇంటి తలుపు తట్టి, పుస్తకంలో సంతకం పెట్టించుకుని వెళ్లేవాడు. గూడ్స్ బండికి డ్యూటీ పడిందన్నమాట. ఇల్లంతా లేచేది. ఒకరు స్టవ్ వెలిగిస్తే ఒకరు క్యారేజీ సర్దేవారు. పొద్దున పిల్లలు లేచేసరికి నాన్న బల్లార్షా దారిలోనో విజయవాడ దారిలోనో ఉండేవాడు. ఇప్పుడు కాల్ బాయ్‌లు లేరు, ఫోన్‌కే కబురు వస్తుంది. డ్యూటీకి హాజరు వేసే లాబీలో మూతి దగ్గర మిషన్ పెట్టి ఊదించి, మందు తాగలేదని తేల్చుకున్నాకే బండి అప్పజెబుతారు.

విమానం నడిపేవాళ్ల రోజూ ఇలాగే మొదలవుతుంది. ఊదించే మిషన్ అదే, వేళకాని వేళ డ్యూటీ అదే, పండగ పూట ఏ ఊళ్లో ఉంటారో చెప్పలేని బతుకూ అదే. యూనిఫాం, జీతం వేరు. మేనేజ్‌మెంటుతో గొడవకు దిగడానికి కారణాలు మాత్రం రైలు నడిపే లోకో పైలట్లకు, విమాన పైలట్లకు దాదాపు ఒకటే: ఎన్ని గంటలు పని, ఎన్ని గంటలు నిద్ర, ఆ లెక్క ఎవరు రాస్తారు.

వరంగల్‌లో ఇప్పుడు ఈ సంగతి మాట్లాడుకోవడానికి కారణం మామునూరు. 1930లో నిజాం హయాంలో వచ్చిన ఆ ఎయిర్‌స్ట్రిప్ దశాబ్దాలుగా ఖాళీగా పడి ఉంది. శంషాబాద్ విమానాశ్రయానికి 150 కిలోమీటర్ల లోపు మరొకటి రాకూడదన్న షరతు అడ్డం ఉండేది. శంషాబాద్ విమానాశ్రయం నడిపే జీఎంఆర్ దాన్ని వదులుకోవడానికి ఒప్పుకున్నాక 2025 ఫిబ్రవరి చివర్లో కేంద్రం మామునూరుకు అనుమతి ఇచ్చింది. ఉన్న 696 ఎకరాలకు తోడు ఇంకో 253 ఎకరాలు సేకరించడానికి రాష్ట్రం అంతకుముందే, 2024 నవంబరులో, 205 కోట్లు విడుదల చేసింది. అప్పటినుంచి నక్కలపల్లి, గాడిపల్లి, గుంటూరుపల్లి వైపు భూముల ధర మాటలు ఒక పక్క, పిల్లలకు ఉద్యోగాల మాటలు ఇంకో పక్క. ఎయిర్‌హోస్టెస్ కోర్సు, గ్రౌండ్ స్టాఫ్ కోర్సు అంటూ ప్రకటనలు ఎటూ ఉండనే ఉన్నాయి. ఆ ప్రకటనల్లో జీతం, నవ్వుముఖం రెండూ ఉంటాయి. రోస్టర్ గురించి ఒక్క ముక్కా ఉండదు.

విమాన సంస్థల గొడవలన్నీ ఆ రోస్టర్ దగ్గరే మొదలవుతాయి. అంటే ఏ తారీఖున ఎవరు ఏ విమానం ఎక్కాలి, ఎక్కడ రాత్రి ఆగాలి, ఎప్పుడు సెలవు అని ముందుగా వేసే పట్టిక. ఫ్యాక్టరీలో షిఫ్టు మూడు ముక్కలుగా ఉంటుంది, తెలిసిపోతుంది. ఎయిర్‌లైన్ రోస్టర్ అలా కుదరదు. ఢిల్లీలో పొగమంచు పడితే హైదరాబాద్‌లో పట్టిక మారుతుంది. ఆ మార్పు భారం కంపెనీ మోయాలా, మనిషి మోయాలా అన్నదే తగాదా.

ఈ ఉద్యోగాల్లో జీతం లెక్క కూడా విచిత్రంగా ఉంటుంది. నెలకు ఇంత అని స్థిరంగా ఇచ్చేది కొంత, ఎగిరిన గంటలకు కట్టి ఇచ్చేది కొంత. ఎగిరిన గంట అంటే మామూలుగా బ్లాక్ అవర్. ఘాట్ రోడ్డు మీద లారీ ఆపితే క్లీనర్ దిగి టైరు కింద రాయి పెడతాడు చూడండి, విమానం నిలిపినప్పుడు కూడా చక్రాల కింద అలాంటి దిమ్మలే పెడతారు. బయలుదేరేటప్పుడు ఆ దిమ్మ తీసిన క్షణం నుంచి, దిగిన ఊళ్లో మళ్లీ దిమ్మ పెట్టిన క్షణం దాకా బ్లాక్ అవర్. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి అది రెండుంపావు గంటలు, అటూఇటూ. కానీ ఉద్యోగి ఇంట్లో అలారం మోగింది అంతకు నాలుగు గంటల ముందు. తయారై, కంపెనీ కారెక్కి, రిపోర్ట్ చేసి, బ్రీఫింగ్ విని, ప్రయాణికులను ఎక్కించి, తలుపు వేశాక ఢిల్లీలో పొగమంచని గంటన్నర అక్కడే కూర్చోబెడితే, ఆ గంటన్నర బ్లాక్ అవర్ కిందికి రాదు. సీట్లలో విసుగెత్తిన జనం కసిరేది మాత్రం ఆ గంటన్నరలోనే.

2024 మార్చి, ఏప్రిల్‌లో విస్తారా విమాన సంస్థ పైలట్ల గొడవ చాలామందికి అర్థం కాలేదు. లక్షల జీతగాళ్లకు ఇంకా ఏం కావాలన్నారు. ఎయిర్ ఇండియాలో కలిసే ముందు కంపెనీ కొత్త కాంట్రాక్టు పెట్టింది. అంతవరకూ ఎగిరినా ఎగరకపోయినా నెలకు 70 గంటల డబ్బు ఖాయం. కొత్త పద్ధతిలో ఖాయమైనది 40 గంటలకే. మిగతాది ఎగిరితేనే. ఇంటి ఈఎంఐ, ట్రైనింగ్ కోసం చేసిన అప్పు 70 గంటల లెక్క మీద కట్టుకున్నవాళ్లకు కాళ్ల కింద నేల కదిలినట్టయింది. వాళ్లు సమ్మె ప్రకటించలేదు. చాలామంది ఒంట్లో బాగోలేదన్నారు. రోజుకు పదుల సంఖ్యలో విమానాలు ఆగాయి. కంపెనీ సర్వీసులు తగ్గించుకుంది.

జ్వరం అనే ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 2009 సెప్టెంబరులో జెట్ ఎయిర్‌వేస్ పైలట్లు వందలమంది ఒకేసారి సిక్ లీవ్ పెట్టారు. ఐదు రోజులపాటు విమానాలు నిలిచాయి. వాళ్లు అడిగింది జీతం కాదు. పైలట్లు యూనియన్ పెట్టుకుంటే దానికి ముందు నిలబడిన ఇద్దరిని కంపెనీ తీసేసింది, వాళ్లను తిరిగి తీసుకోమన్నారు. చివరికి తీసుకున్నారు కూడా. 2022 జూలై 2న ఇండిగో విమానాల్లో సగానికి పైగా ఆలస్యంగా నడిచాయి. పెద్దసంఖ్యలో క్యాబిన్ క్రూ ఆ రోజు సెలవు పెట్టారు. అదే సమయానికి ఎయిర్ ఇండియా కొత్త ఉద్యోగాలకు ఇంటర్వ్యూలు పెట్టింది. జ్వరం ఎక్కడ తగులుకుందో ఊహించుకోవచ్చు.

అన్నిటికంటే ఎక్కువ పాఠం 2024 మే నెలది. మే 7 రాత్రి నుంచి ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్‌లో రెండు వందల మందికి పైగా క్యాబిన్ క్రూ ఒక్కసారిగా ఆరోగ్యం బాగోలేదని కబురు పెట్టి, ఫోన్లు కట్టేశారు. రెండు మూడు రోజుల్లో 150కి పైగా విమానాలు రద్దయ్యాయి. ఎక్కువ దెబ్బ కేరళకు, గల్ఫ్ దారులకు తగిలింది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ఊళ్లలో వాళ్లకు గల్ఫ్ విమానం రద్దయిందంటే ఏమిటో వివరించి చెప్పక్కర్లేదు. సెలవు ముగిసేలోగా కంపెనీలో రిపోర్ట్ చేయకపోతే అక్కడ వాళ్ల జీతం కోత. వీసా గడువు దాటితే మళ్లీ ఏజెంటు గుమ్మం. ఊళ్లో నుంచి కారు మాట్లాడుకుని శంషాబాద్ దాకా వచ్చి, వీడ్కోలు చెప్పడానికి వచ్చిన నలుగురితో కలిసి వెనక్కి పోవడం ఇంకో అవమానం. పైన క్యాబిన్ క్రూ కడుపుమంట నిజమైనదే, కింద ఈ ప్రయాణికుడి కడుపుమంటా నిజమైనదే. వాళ్లిద్దరూ ఎదురుపడే చోట మేనేజ్‌మెంట్ ఉండదు, కౌంటర్ దగ్గర ఒక ఇరవై రెండేళ్ల అమ్మాయి ఉంటుంది.

ఆ క్రూ అడిగినవి చూస్తే, సంస్థను ఏఐఎక్స్ కనెక్ట్‌తో (పాత ఎయిర్ ఏషియా ఇండియా) కలుపుతున్న క్రమంలో అలవెన్సులు కోశారని, మనిషికో న్యాయం చేస్తున్నారని, మాట్లాడదామంటే వినేవాళ్లు లేరని. కంపెనీ 25 మందిని ఉద్యోగం నుంచి తీసేసింది. అంతలో ఢిల్లీలో చీఫ్ లేబర్ కమిషనర్ ముందు ఇరుపక్షాలూ కూర్చున్నాయి. మే 9 సాయంత్రానికి 25 మందినీ తిరిగి తీసుకుంటామని కంపెనీ, వెంటనే డ్యూటీలో చేరతామని ఉద్యోగులు ఒప్పుకున్నారు. నెలల తరబడి పెరిగిన గొడవ ఒక్క రోజు కూర్చుంటే ఆగింది. ఆ కూర్చోవడమేదో ఏప్రిల్‌లోనే ఎందుకు జరగలేదన్న ప్రశ్నకు మేనేజ్‌మెంట్ దగ్గర సరైన జవాబు ఉన్నట్టు కనిపించదు.

ఇక్కడ చట్టం సంగతి కొంచెం చూడాలి. 2025 నవంబరు దాకా ఉన్న 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో విమాన రవాణా పబ్లిక్ యుటిలిటీ సర్వీసు, అంటే జనానికి తప్పనిసరి సేవ. ముందుగా నోటీసు ఇవ్వకుండా సమ్మెకు దిగితే అది చట్టవిరుద్ధం. నోటీసు ఇచ్చాక రాజీ చర్చలు మొదలైతే అవి నడుస్తున్నంతకాలం కూడా దిగకూడదు. అంటే పద్ధతి ప్రకారం సమ్మె చేయాలనుకున్నవాడికి గేటు తర్వాత గేటు. అనారోగ్యానికి నోటీసు అక్కర్లేదు. అందుకే జ్వరం. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్ ఈ కిటికీని కూడా కొంత మూసింది. ఒకే రోజున సగం మంది లేదా అంతకంటే ఎక్కువ మంది కూడబలుక్కుని క్యాజువల్ లీవ్ పెడితే అదీ సమ్మె కిందికే వస్తుందని రాసింది. పైగా పద్నాలుగు రోజుల నోటీసు ఇప్పుడు అన్ని పరిశ్రమలకూ వర్తిస్తుంది. క్యాజువల్ లీవ్ అన్నారు గానీ సిక్ లీవ్ అనలేదు కదా అని వాదించే లాయర్లు ఉంటారు. ఎట్లా తేలినా, డాక్టర్ సర్టిఫికెట్ల గిరాకీ మాత్రం పెరుగుతుంది.

ఉత్తర తెలంగాణ వాళ్లకు ఇదంతా ఎక్కడో చూసినట్టే ఉంటుంది. 2019 అక్టోబరు 5న మొదలై 52 రోజులు నడిచిన ఆర్టీసీ సమ్మెలో దాదాపు 48 వేల మంది ఉన్నారు. గడువులోగా చేరనివాళ్లు తమను తామే డిస్మిస్ చేసుకున్నట్టని అప్పటి ముఖ్యమంత్రి అన్నారు. ‘సెల్ఫ్ డిస్మిస్’ అన్న మాట అప్పుడే అందరి నోళ్లలో నానింది. సమ్మె ముగిశాక యూనియన్లను పక్కన పెట్టి డిపోకు ఇద్దరు చొప్పున సంక్షేమ సభ్యులను పెట్టారు. డిపో మేనేజర్ ఎదుట కూర్చున్న ఆ ఇద్దరు ఏం అడగగలరు, ఎంతవరకు అడగగలరు అన్నది హనుమకొండ బస్టాండులో ఏ పాత కండక్టర్‌ను అడిగినా చెబుతాడు. చాలా ప్రైవేటు విమాన సంస్థల్లో పరిస్థితి అదే. ఓపెన్ హౌస్ అంటారు, టౌన్‌హాల్ మీటింగ్ అంటారు, పెద్దాయన వచ్చి అందరినీ పేరుపెట్టి పలకరిస్తాడు. రోస్టర్ మీద ఉద్యోగి తరఫున సంతకం పెట్టే అధికారం మాత్రం ఎవరికీ ఉండదు.

సింగరేణిది వేరే దారి. అక్కడ 1998 నుంచి రహస్య ఓటింగుతో గుర్తింపు సంఘాన్ని ఎన్నుకుంటున్నారు. 2023 డిసెంబరు ఎన్నికల్లో ఏఐటీయూసీ గెలిచింది. ఆ ఎన్నికలు జరిపించేది కేంద్ర లేబర్ కమిషనర్ యంత్రాంగం. విమాన సంస్థల తగాదాలు కూడా అదే యంత్రాంగం కిందికి వస్తాయన్నది చాలామంది గమనించని విషయం. గనుల్లాగే విమాన రవాణాలోనూ పారిశ్రామిక వివాదాలు చూసేది కేంద్రమే. సింగరేణిలో గొడవలు లేవని కాదు, బోలెడున్నాయి. కానీ గొడవ వచ్చినప్పుడు ఎవరితో మాట్లాడాలో యాజమాన్యానికి తెలుసు, తమ తరఫున ఎవరు మాట్లాడాలో కార్మికుడికీ తెలుసు. లాభాల వాటా సంగతీ అంతే. 2023-24కు గాను 33 శాతం కింద 796 కోట్లు కార్మికులకు పంచారు. దసరా ముందు గోదావరిఖని, మంచిర్యాల, భూపాలపల్లి బజార్లలో ఆ డబ్బు కళ్లకు కనిపిస్తుంది. ఆ శాతం కోసం ఏటా బేరం జరుగుతుంది, తిట్టుకోవడమూ జరుగుతుంది. అయినా కంపెనీ లాభం ఎంత అన్నది అక్కడ కార్మికుడి ఇంటి విషయం.

అదే 2023-24లో ఇండిగో లాభం 8 వేల కోట్లు దాటింది. మన విమాన సంస్థల చరిత్రలో అది మామూలు సంగతి కాదు. దాని మీద చెప్పుకోదగ్గ సంగతి ఇంకొకటి ఉంది, 2025 డిసెంబరులో బయటపడింది.

పైలట్ల విశ్రాంతి నిబంధనలు మార్చాలని పైలట్ల సంఘాలు ఏళ్లపాటు కోర్టుల చుట్టూ తిరిగాయి. విమానయానాన్ని నియంత్రించే కేంద్ర సంస్థ డీజీసీఏ 2024 జనవరిలో కొత్త నిబంధనలు తెచ్చింది. ఆ జూన్ నుంచి అమలవ్వాల్సినవి, కంపెనీలు కుదరదంటే వాయిదా పడ్డాయి. చివరికి ఢిల్లీ హైకోర్టు దాకా పోయి రెండు విడతలుగా, 2025 జూలై 1న కొన్ని, నవంబరు 1న మిగతావి అమలుకు వచ్చాయి. వారానికి విశ్రాంతి 36 గంటల నుంచి 48 గంటలైంది. రాత్రి అంటే పన్నెండు నుంచి ఐదు దాకా అని ఉన్నదాన్ని ఆరు దాకా పొడిగించారు. రాత్రి వేళ చేసే ల్యాండింగులను ఆరు నుంచి రెండుకు తగ్గించారు. తెల్లవారుజామున రెండు నుంచి ఆరు దాకా మనిషి ఒళ్లు ఎంత వద్దన్నా నిద్రలోకి జారుతుంది. రాత్రి లారీ నడిపేవాడెవరైనా ఈ సంగతి చెబుతాడు, దీనికి పరిశోధనలు అక్కర్లేదు. 2023 ఆగస్టులో నాగపూర్‌లో ఒక పైలట్ విమానం ఎక్కబోతూ గేటు దగ్గరే కుప్పకూలి చనిపోయాడు. దానికి పని ఒత్తిడే కారణమని ఎవరూ తేల్చలేదు గానీ, పైలట్ల అలసట మీద చర్చ ఊళ్లోకి వచ్చింది అప్పుడే.

నిబంధన వస్తుందని దాదాపు రెండేళ్ల ముందే తెలుసు. ఒక్కో పైలట్‌కు విశ్రాంతి పెరిగితే అదే సంఖ్యలో విమానాలకు ఎక్కువమంది పైలట్లు కావాలి, ఇది మూడో తరగతి లెక్క. కమాండర్, అంటే విమానానికి ప్రధాన పైలట్, కావడానికి ఏళ్లు పడుతుంది, బజారుకు పోయి తెచ్చుకునే సరుకు కాదు. అయినా దేశంలో ప్రయాణికుల్లో అరవై శాతానికి పైగా మోసే ఇండిగో శీతాకాలం షెడ్యూలు ఏమాత్రం తగ్గించుకోకుండా డిసెంబరులోకి వచ్చింది. తర్వాత జరిగింది అందరూ చూశారు. డిసెంబరు 5 ఒక్కరోజే వెయ్యికి పైగా విమానాలు రద్దయ్యాయి. శంషాబాద్‌లో సూట్‌కేసుల గుట్టలు లేచాయి. శబరిమల పోవాల్సిన అయ్యప్ప స్వాములు ఇరుముడులతో గేటు దగ్గర బైఠాయించి శరణు ఘోష చేశారు. దర్శనం టోకెన్ తారీఖు దాటిపోతుంటే వాళ్లేం చేస్తారు మరి.

అప్పుడు డీజీసీఏ చేసిన పని ఏమిటంటే, రాత్రి డ్యూటీ నిబంధనల నుంచి ఆ కంపెనీకి 2026 ఫిబ్రవరి 10 దాకా మినహాయింపు ఇవ్వడం. సర్వీసులు పది శాతం తగ్గించమని ఆదేశించిన మాటా నిజమే. పైలట్ల వైపు నుంచి చూస్తే మాత్రం, ఏళ్లు కొట్లాడి తెచ్చుకున్న నిద్రను కంపెనీ సిద్ధంగా లేదన్న కారణంతో మళ్లీ కోసినట్టే. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, ఇబ్బంది పడ్డ జనంలో కొందరు పైలట్లనే తిట్టారు. ఆ వారంలో పైలట్లు సమ్మె చేయలేదు, జ్వరమూ పెట్టలేదు. రూలు పుస్తకం ప్రకారం నిద్రపోయారంతే.

మేనేజ్‌మెంట్ వైపు కూడా ఒక మాట చెప్పుకోవాలి, లేకపోతే కథ సగమే అవుతుంది. విమాన సంస్థ ఖర్చులో ఇంధనానిదే పెద్ద భాగం, మూడో వంతుకు అటూఇటూ, ధర మండినప్పుడు ఇంకా ఎక్కువ. విమానాల అద్దె డాలర్లలో కట్టాలి. ఇంజన్ల మరమ్మతు డాలర్లలోనే. ఎయిర్‌పోర్టు చార్జీలు ఎవరో నిర్ణయిస్తారు. టికెట్ ధర పెంచితే పక్క కంపెనీకి పోతారు. 2023 మే 2న గో ఫస్ట్ దివాలా పిటిషన్ వేసినప్పుడు ఇంజన్లు అందకే విమానాలు నేల మీద ఉన్నాయని చెప్పింది. ఇన్నిటి మధ్య మేనేజర్ తన చేతులతో తిప్పగలిగే మీట ఏదైనా ఉంటే అది మనుషుల గంటలే. ఇంకో ఫ్లైట్ వేయించొచ్చు, ఇంకో పోస్టు ఖాళీగా ఉంచొచ్చు, ఇంకో పనిని కాంట్రాక్టరుకు ఇవ్వొచ్చు. జీతాలు మొత్తం ఖర్చులో చిన్న ముక్కే అయినా కోత ఎప్పుడూ అక్కడే పడటానికి కారణం అది. దీన్ని దుర్మార్గం అనడం తేలిక. చేతికి అందే కొమ్మనే నరికే అలవాటు అనడం నిజానికి దగ్గర.

అయితే ఆ అలవాటు అప్పుడప్పుడు దుర్మార్గం దాకా పోతుంది. 2008 అక్టోబరులో జెట్ ఎయిర్‌వేస్ ఒక్కసారిగా ఎనిమిది వందల మందికి పైగా తీసేసింది. చాలామంది ప్రొబేషన్‌లో ఉన్న క్యాబిన్ క్రూ, చిన్న పిల్లలు. యూనిఫాంలోనే రోడ్డెక్కారు, టీవీల్లో ఏడ్చారు. రెండు రోజుల్లో కంపెనీ వెనక్కి తగ్గింది. ఆ జెట్టే 2019 ఏప్రిల్ 17న చివరి విమానం నడిపి ఆగిపోయింది. జీతాలు అప్పటికే నెలల బాకీ. దివాలా కేసు ఐదేళ్లు నడిచి, 2024 నవంబరు 7న సుప్రీంకోర్టు ఆస్తులు అమ్మేయమని తీర్పు ఇచ్చింది. కింగ్‌ఫిషర్ ఉద్యోగులదీ అదే దారి. 2012లో ఏడు నెలల జీతాలు రాక ఇంజనీర్లు పని ఆపాక, అక్టోబరులో లైసెన్సు నిలిపేశారు. ఆజంజాహీ మిల్లు మూతపడ్డాక రావాల్సిన వాటి కోసం, ఇళ్ల స్థలాల కోసం పాత కార్మికులు ఏళ్ల తరబడి ఆఫీసుల మెట్లు ఎక్కి దిగిన కథ వరంగల్‌కు తెలుసు. విమాన సంస్థ మూతపడితే ఆ కథే ఇంగ్లీషులో నడుస్తుంది. దివాలా చట్టంలో కూడా ఒక మెలిక ఉంది. వర్క్‌మన్ (చట్టం లెక్కలో కార్మికుడు) అనిపించుకున్నవాడి 24 నెలల బాకీ, తనఖా ఉన్న బ్యాంకులతో సమానంగా ముందు వరుసలో నిలబడుతుంది. వర్క్‌మన్ కాని ఉద్యోగి 12 నెలల బాకీ ఆ తర్వాతి వరుసకు పోతుంది. ఆఫర్ లెటర్ మీద ‘ఎగ్జిక్యూటివ్’ అని చూసి మురిసిపోయిన కుర్రాడికి ఆ మాట ఖరీదు ఆ రోజు తెలుస్తుంది.

ఉద్యోగం వదిలి పోదామన్నా తేలిక కాదు. డీజీసీఏ 2017లో పెట్టిన నిబంధన ప్రకారం కమాండర్ ఏడాది ముందు, కో-పైలట్ ఆరు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. 2023లో ఆకాశ ఎయిర్ నుంచి 43 మంది పైలట్లు నోటీసు కాలం పూర్తిచేయకుండా వెళ్లిపోతే కంపెనీ కోర్టుకెక్కింది. ఊళ్లల్లో ఒకప్పుడు ఉగాదికి జీతం కుదిరినవాడు మళ్లీ ఉగాది దాకా ఆ దొడ్డి వదలడానికి ఉండేది కాదు. లక్షల జీతానికి, జీతగాడి బతుక్కీ పోలిక పెట్టడం అన్యాయమే, ఒప్పుకోవాలి. కానీ ముందు డబ్బు ఇచ్చి మనిషిని కట్టేసే సూత్రం ఒకటే. శిక్షణ ఇచ్చినందుకు ఇన్నేళ్లు వదిలి పోనని రాసిచ్చే ట్రైనింగ్ బాండ్ చదివినవాళ్లకు అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కంపెనీల వాదనలోనూ బలం ఉంది: ఒక పైలట్ రేపటి నుంచి రానంటే రెండు వందల మంది ప్రయాణం ఆగుతుంది.

ఉద్యోగులందరూ ఒకే పక్షం అనుకుంటే అదీ పొరపాటే. 2007లో ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ కలిపినప్పుడు కాగితం మీద కంపెనీ ఒకటైంది, సీనియారిటీ జాబితాలు రెండుగానే ఉండిపోయాయి. ఐదేళ్ల తర్వాత, 2012 మేలో, పాత ఎయిర్ ఇండియా పైలట్లు 58 రోజులు పని మానేశారు. కొత్త డ్రీమ్‌లైనర్ విమానాల శిక్షణ పాత ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లకూ ఇస్తే తమ ప్రమోషన్లు వెనక్కి పోతాయన్నది వాళ్ల భయం. జనం సానుభూతి దాదాపు సున్నా. తెలంగాణలో ఉద్యోగులను కొత్త జిల్లాలకు పంచిన 317 జీవో వచ్చినప్పుడు ఒకే స్టాఫ్‌రూమ్‌లో పక్కపక్కన కూర్చునే టీచర్లు సీనియారిటీ మీద ఎలా విడిపోయారో చూసినవాళ్లకు ఆ పైలట్ల బాధ కొంత అర్థమవుతుంది. పెట్టుబడి లెక్కలు కలిపి, మనుషుల లెక్క తర్వాత చూద్దాంలే అని వదిలేస్తే ఆ ‘తర్వాత’ ఇలాగే వస్తుంది. టాటాలు 2022 జనవరి 27న ఎయిర్ ఇండియాను తీసుకున్నాక నాలుగు కంపెనీలను రెండుగా కలిపారు. ఎక్స్‌ప్రెస్‌లో జ్వరం, విస్తారాలో జ్వరం రెండూ ఆ కలిపే రోజుల్లోనే వచ్చాయి.

ఇది ఆకాశంలో వాళ్ల సంగతి. నేల మీదున్నవాళ్ల మాట పేపర్లకు పెద్దగా ఎక్కదు. బ్యాగులు ఎత్తే లోడర్, ట్రాలీలు తోసేవాడు, ట్రాక్టర్ నడిపేవాడు, విమానం లోపల ఊడ్చేవాళ్లు, వీల్‌చైర్ తోసే కుర్రాడు, వీళ్లలో చాలామంది ఎయిర్‌లైన్ ఉద్యోగులు కారు. చొక్కా మీద బొమ్మ ఒకరిది, జీతం చీటీ మీద పేరు ఇంకొకరిది. కాంట్రాక్టు చేతులు మారినప్పుడు మనిషి అదే ఉంటాడు, సర్వీసు మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలవుతుంది. ఎంజీఎం ఆసుపత్రిలోనో యూనివర్సిటీలోనో అవుట్‌సోర్సింగ్‌లో చేసినవాళ్లకు ఇది కొత్త కథ కాదు. సింగరేణిలో కూడా పర్మనెంట్ కార్మికుడి వాటా లక్షల్లో ఉంటే, కాంట్రాక్టు కార్మికుడికి 2024లో మొదటిసారి ఇచ్చింది ఐదు వేలు.

పైలట్‌కు జ్వరం వస్తే విమానం ఆగుతుంది. లోడర్‌కు జ్వరం వస్తే ఆ రోజు కూలి ఆగుతుంది, ఇంకో లోడర్ వస్తాడు. బేరం చేసే బలం ఎవరికెంత అన్నది ఇక్కడే తేలిపోతుంది. కమాండర్ నుంచి క్యాబిన్ క్రూ దాకా, అక్కడి నుంచి కౌంటర్ దాకా, అక్కడి నుంచి లోడర్ దాకా దిగుతున్నకొద్దీ పని అంతే ముఖ్యంగా ఉంటుంది గానీ మాటకు విలువ పడిపోతుంది. బ్యాగులు ఎక్కకపోయినా విమానం కదలదు, నిజమే. కానీ బ్యాగులెత్తడానికి లైసెన్సు అక్కర్లేదు.

మామునూరుకు మొదట వచ్చేవి చిన్న విమానాలే కావొచ్చు. డెబ్భై మంది ఎక్కే ఏటీఆర్ అయితే ఇద్దరు పైలట్లు, ఇద్దరు క్యాబిన్ క్రూ. వాళ్లు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉండేవాళ్లు. వచ్చి అరగంటలో ప్రయాణికులను దింపి ఎక్కించుకుని పోతారు. రాత్రి ఆగాల్సి వస్తే హనుమకొండలో ఏదో హోటల్ గది, కాజీపేటలో లోకో పైలట్లకు రన్నింగ్ రూమ్ ఉన్నట్టు. ఈ ఊరివాళ్లకు వచ్చే ఉద్యోగాల్లో ఎక్కువ భాగం చెక్-ఇన్ కౌంటర్లో, బెల్టు దగ్గర, పార్కింగులో, క్యాంటీన్లో, ఊడ్చే పనిలో ఉంటాయి. అవీ చాలావరకు కాంట్రాక్టు ఏజెన్సీల చేతుల మీదుగా. కోర్సుకు ఫీజు కట్టబోయే ముందు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి: జీతం ఇచ్చేది ఏ కంపెనీ, అందులో ఖాయమైనది ఎంత, రాత్రి డ్యూటీకి బండి పంపుతారా, పీఎఫ్ ఎవరి పేరు మీద కడతారు. తెల్లవారి ఐదింటి విమానానికి మూడింటికే కౌంటర్ తెరవాలి. ఆ వేళకు వరంగల్ బస్టాండు నుంచి మామునూరుకు సిటీ బస్సు ఉండదు, ఆటోవాడు అడిగినంత ఇవ్వాలి.

తేడా వస్తే ఫిర్యాదు పట్టుకుని పోవాల్సింది హనుమకొండలోని రాష్ట్ర లేబర్ ఆఫీసుకు కాదు, కేంద్ర లేబర్ కమిషనర్ ఆఫీసుకు. ఆ దారి ఈ ప్రాంతంలో బాగా తెలిసినవాళ్లు భూపాలపల్లి, గోదావరిఖని గని కార్మికులే.